ఫోన్‌లో అవతలివాడు

మొన్న ఆదివారం మా అబ్బాయి ఓ పాత జపాన్ సినిమా చూపించాడు. 1960లో అకిరా కురొసావా తీసిన 'ది బ్యాడ్ స్లీప్ వెల్'. చెడ్డోళ్లకే హాయిగా నిద్ర పడుతుందని అర్థం.

ఓ ప్రభుత్వ సంస్థలో పెద్దలు లంచాలు మింగుతారు. విచారణ వస్తే కింది ఉద్యోగి ప్రాణం తీసుకోవాలి, పైవాడి పేరు బయటికి రాకూడదు. అలా ఏడో అంతస్తు నుంచి దూకినాయన కొడుకు నిషి. పేరు మార్చుకుని, పగ తీర్చుకోవడానికి పెద్దాఫీసరు ఇవాబుచికే అల్లుడవుతాడు. ఆ వేషం తొషిరో మిఫునేది.

నా మనసులో నిలిచింది మాత్రం వాడా అనే గుమాస్తా. పైవాళ్ల కోసం చావబోతే నిషి ఆపుతాడు. అతని అంత్యక్రియలు అతనికే దూరం నుంచి చూపిస్తాడు. అయినా ఆ మనిషికి పైవాళ్లంటే భక్తి అంత తేలిగ్గా పోదు!

మా నాన్న కూడా అంతే. 'ఉప్పు తిన్నాం, నోరెత్తగూడదు' అనేవాడు. మిల్లు మూతపడ్డాక పగారు బాకీకి తిరిగితే ప్రతివాడూ 'పైనుంచి ఆర్డర్ రాలేదు' అన్నాడు. ఆ పైవాణ్ని మేం చూడనేలేదు. సినిమా చివర ఇవాబుచి కూడా ఫోన్‌లో ఎవరికో వంగి దండం పెడతాడు. ఆ మనిషి మనకు కనబడడు.

నిషి చచ్చిపోతాడు, రుజువులూ అతనితోనే పోతాయి. మిగిలిన స్నేహితుడి మాట ఎవరు నమ్ముతారు? అందుకే చెప్తున్నా, పగారు చీటీ, పీఎఫ్ కాగితం నకళ్లు తీయించండి. ఒకటి పక్కింట్లో కూడా ఉంచండి.