పెట్టుబడి ఎవరిది? సాయం ఎవరికి?

బెల్లంపల్లి అనగానే మిత్రులు బొగ్గు బావుల సంగతే అడుగుతారు. మాది బావి పని ఇల్లు కాదు. అవతల నెన్నెల మండలంలో పత్తి చేసే ఇల్లు. చేసే ఇల్లే గాని, భూమి ఉన్న ఇల్లు కాదు. బాపు చేసే మూడెకరాలు కౌలువి. పట్టాదారు సింగరేణిలో రిటైరై, ఆ పైసలతో చెల్క కొనుక్కొని బెల్లంపల్లిలో ఉంటున్న పెద్దమనిషి. నేను కాకా అని పిలుస్తాను.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరాకు నాలుగు వేలు పెట్టుబడి సాయం. తొలిసారి చెక్కులిచ్చారు. నేను ఏడో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. "ఎంతున్నది, సదువు బిడ్డా" అని కాక చెక్కు నా చేతిలో పెట్టాడు. "పన్నెండు వేలు కాకా" అని గట్టిగా చదివాను. పక్కనే బాపు అప్పుకు తెచ్చిన విత్తనాల సంచి పట్టుకొని నిలబడ్డాడు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

తర్వాత పైసలు నేరుగా ఖాతాలో పడసాగాయి. 2019లో ఎకరాకు ఐదు వేలైంది. ఇంటర్‌కు నేను బెల్లంపల్లి వచ్చాను కనుక, కాక ఫోనులో మెసేజి చదివే పని కూడా నాదే అయింది. 2022 జూలై ముసురుకు మొలిచిన పత్తి మురిగిపోయింది. బాపు మళ్ళీ విత్తనం కొన్నాడు, మళ్ళీ అప్పే. ఆ పంటకు సాయం పదిహేను వేలు కాక ఖాతాలో ఉంది.

ధైర్యం చేసి ఒకసారి అడిగాను: "కౌలు కాగితం రాసియ్యి కాకా." ఆయన కోపం చేయలేదు. "కాగితమిస్తే రేపు భూమే నాదంటరు బిడ్డా. బావిల దిగి సంపాయించిన పైసలతోని కొన్న" అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చిన కథలు మన పల్లెల్లో ఇంకా చెప్పుకుంటారు. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. మా ఇంటికి మాత్రం ఆ కార్డు రాలేదు. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా కింద 18 నుంచి 59 ఏళ్ళ మధ్య పట్టాదారు చనిపోతే ఇంటివాళ్ళకు ఐదు లక్షలు. ఎండలో మందు కొట్టేది బాపు. బీమా ఉన్నది పట్టా ఉన్నవారికి.

2025 జనవరిలో పథకం రైతు భరోసా అయింది. ఎకరాకు ఆరు వేలు. ఆ వానాకాలం కాక ఖాతాలో పద్దెనిమిది వేలు పడ్డాయి. చదివి చెప్పాను. రెండు వేలు తీసి "ఫీజుకు పెట్టుకో బిడ్డా" అన్నాడు. తీసుకున్నాను.

ఆ సంగతి చెబితే బాపు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆయన మంచోడే. గని అది మనకు రావాల్సింది గాదు, ఆయన ఇచ్చింది. వచ్చే ఏడు ఇయ్యకుంటె అడుగుతవా?" అన్నాడు.

అడగలేను. కాక మీద నాకు కోపం లేదు. భూమి హక్కు ఆయనకే ఉండనీయండి. కాని దున్నేవాని పేరు రాసినంత మాత్రాన భూమి పోదని ఆయనకూ, పేరు అడిగితే కౌలు పోదని బాపుకూ చట్టం నమ్మకం ఇవ్వాలి. అంతదాకా సాయం వచ్చిందని చదివి చెప్పేది నేను, విత్తనం అప్పు కట్టేది బాపు.