గోలేటి నుంచి విమానానికి గురి

పిల్లలూ! తెలంగాణ పటంలో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాను వెతికి, రెబ్బెన పక్కన వేలు పెట్టండి. అక్కడే గోలేటి ఉన్నది. సింగరేణి బొగ్గు గనులవారి బెల్లంపల్లి ఏరియా కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉన్నది. ఇక్కడి గని పని నేలను తవ్విన పెద్ద పెద్ద గోతుల్లో జరుగుతుంది. పిల్లల చూపు మాత్రం పైకే పోతుంది. మబ్బులేని రోజున ఎత్తున ఒక వెండి చుక్కా, దాని వెనక ఒక తెల్లని గీతా కనిపిస్తే చాలు, ఆట ఆగిపోతుంది.

ఆ విమానాన్ని ఫోటో తియ్యాలంటే ఎలాంటి లెన్సు కొనాలి? ప్రశ్న చిన్నదే గాని, లెన్సు వెల చిన్నది కాదు. కొన్ని లెన్సుల ఖరీదు కెమేరా ఖరీదును కూడా మించుతుంది. జీతంలో మిగిల్చి కొనే వస్తువు గనక, దుకాణానికి పోకముందే కాగితమూ పెన్సిలూ తీసుకుని లెక్క కట్టటం మంచిది.

మీ బడి పుస్తకంలో లెన్సును కటకం అంటారు. భూతద్దాన్ని ఎండలో పట్టుకుని, కింద ఉన్న కాగితం మీద వెలుగును చిన్న చుక్కగా చేసే ఆట మీకు తెలుసు. అప్పుడు అద్దానికీ చుక్కకూ మధ్య ఉండే దూరమే నాభ్యంతరం. కెమేరా లెన్సు మీద 50 అనీ, 300 అనీ రాసి ఉండేది ఈ నాభ్యంతరమే. అది మిల్లీమీటర్లలో ఉంటుంది. ఈ అంకె పెరిగినకొద్దీ దూరపు వస్తువు బొమ్మ పెద్దదవుతుంది.

ఎంత పెద్దదవుతుందో తెలుసుకోవటం సులువు. వస్తువు పొడవును నాభ్యంతరంతో హెచ్చించి, దూరంతో భాగించండి. ఎయిర్‌బస్ ఎ320 విమానం పొడవు సుమారు 37.5 మీటర్లు. అది మీ నెత్తిమీద 10,000 మీటర్ల ఎత్తున పోతున్నదనుకుందాం. 50 మి.మీ. లెన్సుతో తీస్తే కెమేరా లోపల పడే బొమ్మ మిల్లీమీటరులో 5వ వంతు కూడా ఉండదు. 600 మి.మీ. లెన్సు పెట్టినా రెండుంపావు మిల్లీమీటర్లే! పెద్ద కెమేరాల్లో బొమ్మ పడే పలక వెడల్పు 36 మి.మీ. అంటే అంత ఖరీదైన లెన్సు పెట్టినా విమానం పటంలో 16వ వంతు మాత్రమే వస్తుంది.

చూశారా? గోలేటి మైదానంలో నిలబడి, పైన పోయే విమానాన్ని పెద్దగా పట్టుకోవాలనుకుంటే డబ్బు చాలా పోతుంది, ఫలితం మాత్రం తక్కువ. పై లెక్కలో దూరాన్ని తగ్గిస్తే బొమ్మ దానంతట అదే పెరుగుతుంది. అందుచేత ముందు ఎంచుకోవలసినది చోటు. లెన్సు ఆ తరవాత.

ఈ సంగతి రైట్ సోదరుల విమానపు ఫోటోయే చెబుతుంది. 1903 డిసెంబరు 17న అమెరికాలో కిట్టీ హాక్ దగ్గర ఇసుక నేలమీద రైట్ సోదరుల విమానం లేచింది. ఆర్విల్ రైట్ ముందుగానే కెమేరాను ముక్కాలి పీటమీద నిలిపి, విమానం ఏ చోట గాలిలోకి లేస్తుందో ఊహించి, దానికి గురిపెట్టి ఉంచాడు. తరవాత సహాయానికి వచ్చిన జాన్ డేనియల్స్ అనే మనిషికి, విమానం లేవగానే రబ్బరు బుడ్డి నొక్కమని చెప్పి, తాను విమానం ఎక్కాడు. డేనియల్స్ అంతకు ముందు ఎన్నడూ ఫోటో తియ్యలేదు. విమానం 12 సెకండ్లు ఎగిరి, 120 అడుగులు పోయింది. ఆ సంబరంలో తాను బుడ్డి నొక్కాడో లేదో కూడా డేనియల్స్‌కు గుర్తు లేదట! కాని గాజు పలకను కడిగి చూస్తే బొమ్మ చక్కగా వచ్చింది. ఆ బొమ్మను తెచ్చిపెట్టినది సరి అయిన చోటే.

మరి గోలేటి పిల్లలకు ఆ చోటు ఎక్కడ? రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో ఒక చిన్న విమానాల బాట ఉన్నది గాని, అక్కడికి ఇప్పుడు ప్రయాణీకుల విమానాలు రావు. కనక హైదరాబాదు పోవాలి. రెబ్బెనలోని ఆసిఫాబాద్ రోడ్ స్టేషనులో రైలెక్కితే బెల్లంపల్లి, మంచిర్యాల దాటుతాయి. తరవాత వంతెన కింద గోదావరి, ఆపైన రామగుండం, పెద్దపల్లి, కాజీపేట, చివరకు సికింద్రాబాద్. నగరంలో బేగంపేట విమానాశ్రయం ఉన్నది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ప్రయాణీకుల విమానాలు అక్కడికి మారాయి. అయినా ఆ తరవాత బేగంపేటలో విమానాల ప్రదర్శనలు జరుగుతూ వచ్చాయి. 2024 జనవరిలో వింగ్స్ ఇండియా ప్రదర్శన అక్కడే జరిగింది. అదే ఏడు డిసెంబరు 8న వాయుసేనవారి సూర్యకిరణ్ జట్టు హుసేన్ సాగర్ మీద విన్యాసాలు చేసింది. ట్యాంక్ బండ్ మీద జనం ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

ఇప్పుడు మళ్ళీ లెక్క కట్టండి. సూర్యకిరణ్ జట్టువారు నడిపే హాక్ విమానం పొడవు 12.4 మీటర్లు. అది 600 మీటర్ల దూరాన ఉన్నదనుకుంటే, 300 మి.మీ. లెన్సుతో 6 మి.మీ. పైచిలుకు బొమ్మ వస్తుంది. సామాన్యమైన కెమేరాలో పలక వెడల్పు సుమారు 24 మి.మీ. అంటే ఒక్క విమానమే పటంలో నాలుగోవంతు! ఎత్తున పోయే ఎ320 కన్న ఇది ఎంతో మేలు.

అయితే చిక్కు ఒకటి ఉన్నది. 9 విమానాలు దగ్గర దగ్గరగా కలిసి వస్తాయి. ఆ బారు 60 మీటర్ల వెడల్పు ఉంటే, అదే లెన్సులో 30 మి.మీ. అవుతుంది, అది పలకలో పట్టదు. అప్పుడు 100 మి.మీ. చాలు. లెన్సు మార్చే వ్యవధి ఉండదు గనక, 70 నుంచి 300 దాకా జరుపుకోగల జూమ్ లెన్సు విమానాల ప్రదర్శనకు బాగా అమరుతుంది. పొగ చారలతో సహా ఆకాశమంతా రావాలంటే సెల్‌ఫోను కూడా పనికి వస్తుంది.

దుకాణదారు ఇంకొక అంకె కూడా చెబుతాడు: ఎఫ్/4, ఎఫ్/5.6 అని. నాభ్యంతరాన్ని ఆ అంకెతో భాగిస్తే వెలుగు దూరే కంత వ్యాసం వస్తుంది. 600 మి.మీ. ఎఫ్/4 లెన్సుకు 15 సెంటీమీటర్ల గాజు కావాలి. అటువంటి లెన్సు 3 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది, వెల లక్షల్లో ఉంటుంది. 300 మి.మీ. ఎఫ్/5.6కు ఐదున్నర సెంటీమీటర్లు చాలు. ముప్పావు కిలో బరువుతో అటువంటి లెన్సులు దొరుకుతాయి. పెద్ద గాజు చీకట్లో ఎక్కువ వెలుగును పడుతుంది. కాని విమానాల ప్రదర్శనలు పట్టపగలే జరుగుతాయి! మన ఎండలో వెలుగుకు కొరత లేదు గనక, ఆ ఖర్చు మానుకోవచ్చు. కొనటానికి ముందు ఒక రోజుకు అద్దెకు తెచ్చుకుని చూస్తే మరీ మంచిది.

ఎండతో చిక్కులు కూడా ఉన్నాయి. వేసవిలో తారురోడ్డు మీద గాలి అలలు అలలుగా కదలటం మీరు చూసే ఉంటారు. వేడి గాలీ, చల్లని గాలీ కలిసేచోట వెలుగు వంగటమే దీనికి కారణం. పెద్ద లెన్సు విమానాన్ని పెంచినట్టే ఈ అలలను కూడా పెంచుతుంది. ఎంత ఖరీదైన గాజయినా దీన్ని సరిచెయ్యలేదు. పొద్దున్నే తియ్యటం ఒక్కటే మందు. కెమేరాతో ఎన్నడూ సూర్యుణ్ణి నేరుగా చూడకండి. లెన్సు వెనక కన్ను పెడితే చూపే పోవచ్చు. ఇక బొగ్గు దుమ్ము ఎగిరే చోట లెన్సు విప్పరాదు. గాజు మీద దుమ్ము పడితే గుడ్డతో రుద్దకుండా, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి పోగొట్టాలి.

చెయ్యి కుదరటానికి మాత్రం గోలేటిని మించిన చోటు లేదు. పొలాల మీద ఎగిరే కొంగలూ, గాలిలో తిరిగే గద్దలూ, రైలుకట్ట మీద పోయే బొగ్గు వ్యాగన్లూ మీకు గురువులు. కట్టకు దూరంగా నిలబడి, కదిలే వస్తువుతోపాటు నడుము తిప్పుతూ మీట నొక్కండి. జెట్ విమానానికి సెకండులో 1000వ వంతు కాలం పెట్టాలి. పంకా ఉన్న విమానానికీ, హెలికాప్టరుకూ 250వ వంతు మేలు. కాలం మరీ తక్కువైతే పంకా ఆగిపోయినట్టూ, విమానం గాలిలో వేలాడుతున్నట్టూ కనిపిస్తుంది.

ఒక్క మాట మరవకండి. బేగంపేటలోనూ, దుండిగల్‌లోనూ వాయుసేన స్థావరాలున్నాయి. ఫోటోలు తియ్యరాదని బోర్డు ఉన్న చోట కెమేరా సంచీలోనే ఉండాలి.

ఈసారి నెత్తిమీద విమానం పోయినప్పుడు పెన్సిలు తీసి లెక్క కట్టండి, మీ నాన్నగారి చేత కూడా కట్టించండి. ఏ లెన్సు కావాలో, అసలు లెన్సుకు ముందు హైదరాబాదుకు రైలు టిక్కెట్టు కావాలేమో, ఆ కాగితమే చెబుతుంది.