తీయనివ్వని డిస్కు

కార్తీక అమావాస్య దీపోత్సవం వస్తోందంటే మా పద్మనాభంలో వీడియో పని చేసేవాళ్ళకు ఊపిరాడదు. అనంత పద్మనాభస్వామి కొండకు వెయ్యికి పైగా మెట్లు, కింది నుంచి పైదాకా దీపాలు. అదంతా తీయాలంటే కార్డులు ఖాళీగా ఉండాలి, కంప్యూటర్‌లో చోటుండాలి. అందుకని ముందు రోజు సాయంత్రం, పాండ్రంగి వైపు జరిగిన ఒక పెళ్ళి తాలూకు అప్పగింతల క్లిప్పులు కట్ చేసి యూఎస్‌బీ హార్డ్ డిస్కులో పేస్ట్ చేశాను. పచ్చగీత చివరిదాకా వెళ్ళింది. పెట్టె మూసుకుంది.

అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలెట్టింది. గడియారం పక్కనున్న గుర్తు నొక్కి ఎజెక్ట్ కొడితే, డిస్కు ఇంకా వాడుకలో ఉంది, తర్వాత ప్రయత్నించమని మెసేజ్. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూశాను, ఫోల్డర్లన్నీ మూశాను. మళ్ళీ అదే మెసేజ్. డిస్కు మీద చిన్న నీలం లైటు ఆగి ఆగి మిణుకుతోంది. వైరు లాగడానికి చెయ్యి రాలేదు. షట్‌డౌన్ ఇచ్చాను. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుండగానే యూపీఎస్ చేతులెత్తేసింది.

కరెంటు వచ్చాక డిస్కు పెడితే ఫార్మాట్ చేయమంది. చెక్‌డిస్క్ నడిపితే ఫైల్ సిస్టమ్ ‘రా’ అని చూపించి, దీనికి నేను పనిచేయనంది. కాళ్ళు చల్లబడ్డాయి. పెళ్ళి మొత్తం అందులోనే ఉంది. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే, ఫార్మాట్ కొట్టేద్దామన్నాడు. ఇవ్వకుండా వెనక్కి తెచ్చేసుకున్నాను.

మర్నాడు పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. ఆయన తల్లి ఈ పెళ్ళయిన కొద్దిరోజులకే కాలం చేసింది. మనవరాలిని పట్టుకుని ఆమె ఏడ్చిన క్లిప్పు అప్పగింతల్లోనే ఉంది. సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. “మాయమ్మున్న ముక్క ఒక్కటైనా దొరుకుద్దేటి బాబూ?” అన్నాడు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

టెస్ట్‌డిస్క్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుల్లో మొదటి బూట్ సెక్టార్ పాడైతే, అదే సమాచారం నకలు చివర్లో ఇంకోటి ఉంటుంది. టెస్ట్‌డిస్క్ ఆ నకలు తీసి మొదటిదాని స్థానంలో రాసింది. డిస్కు తెరుచుకుంది! స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ ఉన్నాయి. అప్పగింతల ఫోల్డర్లో మాత్రం ఫైళ్ళకు పేర్లున్నాయి గాని లోపల సరుకు లేదు.

పెట్టె మూసుకున్నంత మాత్రాన రాత పూర్తయినట్టు కాదు. డిస్కు పాలసీ ‘బెటర్ పెర్ఫార్మెన్స్’ మీద ఉంటే, విండోస్ కొంత డేటాను ముందు ర్యామ్‌లో ఉంచుకుని తీరిగ్గా డిస్కులోకి దించుతుంది. 2018లో వచ్చిన విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి ‘క్విక్ రిమూవల్’నే డిఫాల్ట్ చేశారు. కానీ వేగం కోసం మా ఫీల్డులో చాలామంది పాతదే పెట్టుకుంటారు. ర్యామ్‌లో ఉన్నది కరెంటుతోపాటే పోతుంది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. కట్ చేసిన క్లిప్పులు కంప్యూటర్ లోపలి పాత హార్డ్ డిస్కులో పేరు మాత్రమే పోగొట్టుకుని ఉంటాయి, పైన కొత్తవి రాయనంతవరకు. అందుకే దీపోత్సవానికి వేరే స్టూడియో కంప్యూటర్ అడుక్కున్నాను, నాది ముట్టుకోలేదు. టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే ఫోటోరెక్ నడిపితే పేరూ ఊరూ లేని ఫైళ్ళు కుప్పలుగా వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి చూడటమే పని. కొన్ని తెరుచుకోలేదు, కొన్ని మధ్యలో ఆగిపోయాయి. చివరికి ముసలమ్మ దొరికింది. మనవరాలి బుగ్గలు రెండు చేతులా పట్టుకుని ఏదో చెబుతోంది. మాట సగంలో బొమ్మ ఆగిపోతుంది. అంతే దక్కింది. ఆయన దాన్నే ఫోన్‌లో వేయించుకుని వెళ్ళాడు.

డిస్కును పట్టుకున్నది ఎవరో కూడా వెతికాను. ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో, కెర్నెల్-పీఎన్‌పీ కింద 225 నంబరు ఈవెంటు ఉంది. తీయనివ్వని ప్రోగ్రాం పేరు అందులోనే రాసుంది: కొత్తగా వచ్చిన ఫైళ్ళను తనిఖీ చేస్తున్న యాంటీవైరస్.

పెళ్ళిళ్ళ పని చేసే తమ్ముళ్ళకు చెప్పేదిది. వాడుకలో ఉందని కంప్యూటర్ చెబితే నమ్మండి, వైరు లాగకండి. రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్‌కు వెళ్ళి అసోసియేటెడ్ హ్యాండిల్స్‌లో డ్రైవ్ అక్షరం కొట్టి చూస్తే, చాలాసార్లు పట్టుకున్నవాడు దొరుకుతాడు. దొరక్కపోతే షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ ఇవ్వండి, అప్పుడు ఫాస్ట్ స్టార్టప్ అడ్డం రాకుండా పూర్తిగా ఆగుతుంది. డిస్క్ పాలసీ ఈ రోజే ‘క్విక్ రిమూవల్’కు మార్చుకోండి. పెళ్ళి ఫైళ్ళను మాత్రం ఎప్పుడూ కట్ చేయకండి. కాపీ చేయండి, డిస్కు తీసి మళ్ళీ పెట్టి, క్లిప్పు ఆడించి చూసుకున్నాకే పాతవి తుడవండి.