మేత లెక్క, మెతుకు లెక్క

మా నెల్లూరు తీరంలో రొయ్యల గుంట ఉన్న ఎవరినైనా నిద్రలో లేపి అడగండి, మేతలో ప్రోటీన్ ఎంత శాతం ఉండాలో తడుముకోకుండా చెబుతారు. వనామీ రకం రొయ్యకు 35, 36 శాతం. కిలో రొయ్య పెరగడానికి కిలోంబావు మేత పడితే పంట బాగున్నట్టు. కిలోన్నర దాటిందంటే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. రోజుకు నాలుగు పూటలా మేత చల్లడం, చెక్ ట్రే ఎత్తి ఎంత మిగిలిందో చూడటం, మిగిలితే మరుసటి పూట తగ్గించడం, వారానికోసారి విసురు వల వేసి నాలుగు రొయ్యలు తూచి ఎదుగుదల రాసుకోవడం. 2009లో వనామీ సాగుకు మన దేశంలో అనుమతి వచ్చిన తర్వాత ఈ చదువు మైపాడు నుంచి కావలి దాకా గుంట గుంటకూ పాకింది. బడికి సగంలో స్వస్తి చెప్పినవాళ్ళు కూడా మేతను రొయ్యగా మార్చే నిష్పత్తిని దశాంశాల్లో చెబుతారు.

అదే మనిషిని పట్టుకుని, "మీ అమ్మాయికి రోజుకెంత ప్రోటీన్ కావాలి?" అని అడగండి. "దానికేం, అన్నం బాగానే తింటాది" అంటాడు.

మా ఆయనా ఈ బాపతే. గుంట రిజిస్టరులో ప్రతి పూటకూ ఒక గడి ఉంటుంది, ఇంట్లో మనుషులకు ఏ గడీ లేదు. ఆ రిజిస్టరు ఏళ్ళ తరబడి చూసిన ఉక్రోషంతోనే నేను ఇగ్నో దూరవిద్యలో ఆహారం, పోషణ సర్టిఫికెట్ కోర్సుకు కట్టాను. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ముందు ఏం చదివావని అడగరు. తొందర ఉన్నవాళ్ళు ఆరు నెలల్లో ముగించవచ్చు, నాలాంటివాళ్ళు రెండేళ్ళు సాగదీయవచ్చు. పుస్తకాలు పోస్టులో వస్తాయి, అసైన్‌మెంట్లు రాసి పంపాలి, జూన్‌లోనో డిసెంబరులోనో పరీక్ష.

ఇలా ఇంటి దగ్గర కూర్చుని చదివే సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదట మొలిచింది మన తెలుగు నేల మీదే. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టుకున్నాం. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి గారినే 1985లో ఢిల్లీలో ఇగ్నో పుట్టినప్పుడు పిలిచి అక్కడా మొదటి కుర్చీలో కూర్చోబెట్టారు. పెళ్ళిళ్ళతో, పొలాలతో, ఉద్యోగాలతో చదువు తెగిపోయినవాళ్ళు ఆయనకు ఎంత రుణపడి ఉన్నారో ఎవరూ లెక్క కట్టినట్టు లేదు.

మన వీలును బట్టి చదవడం అని గొప్పగా చెబుతారు గానీ అందులో ఒక తిరకాసు ఉంది. వీలు అనేది ఆడవాళ్ళకు మిగిలిందాన్ని బట్టే ఉంటుంది. నాకది మధ్యాహ్నం అంట్లు తోమడానికీ సాయంత్రం పాలు కాచడానికీ నడుమ. వరసగా నాలుగు పేజీలు చదివితే ఆ రోజు పండగ. పక్కన చదివేవాళ్ళెవరూ లేకపోవడం నిజంగా లోటే. సందేహం వస్తే గోడనడగాలి. కానీ లెక్కలో, చరిత్రో దూరవిద్యలో చదివేవాళ్ళకు లేని ఒక సౌకర్యం ఈ సబ్జెక్టుకు ఉంది. పుస్తకం మూసి నెల రోజులు అటకెక్కించినా పాఠం మాత్రం రోజూ మూడు పూటలా కంచంలోకి వచ్చి కూర్చుంటుంది. దాన్ని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

శక్తి లెక్కల పాఠం వచ్చినప్పుడు రొయ్యలు తూచే చిన్న కాటా కడిగి వంటింట్లోకి తెచ్చాను. వంద గ్రాముల బియ్యం ఉడికితే రెండు వందల యాభైకి పైనే తూగుతుంది. ఆ నీళ్ళ బరువు తీసేసి లెక్క వేయడం తెలిసేవరకు ఎవరెంత తింటున్నారో అర్థం కాదు. పిండిపదార్థం గ్రాముకు నాలుగు కేలరీలు, ప్రోటీన్‌కూ నాలుగే, కొవ్వుకు తొమ్మిది. గిన్నె కాటా మీద పెట్టడం చూసి అత్తమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "ఏందిమే ఇది? అన్నం తూచి పెట్టే ఇంట్లో లచ్చిమి నిలబడద్దా?" ఆమెకు తెలియందేమంటే, ఇంటిల్లిపాదికీ నేను అన్నాళ్ళూ చేస్తున్నది బ్లైండ్ ఫీడింగ్. రొయ్య పిల్లల్ని వదిలిన తొలి నెలలో, అవి తిన్నాయో లేదో చూడకుండా అట్ట మీది లెక్క ప్రకారం మేత చల్లుకుంటూ పోతారే, అది. గుంటలో దాన్ని నెలకు ఆపేస్తారు, ఇళ్ళలో తరాల తరబడి నడుపుతాం.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఒక రోజు కంచం బొమ్మ ఉంది. రెండు వేల కేలరీల మనిషికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసమూ కలిపి 85, పండ్లు 100. మా కంచంలో ఈ బొమ్మను తలకిందులుగా పెట్టి చూసుకోవాలి. అన్నం కొండ, దాని పక్కన కూర ఒక దిబ్బ. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని బతికిన జిల్లాలో అన్నం తగ్గించమని చెప్పడానికి మనిషికి కొంచెం ధైర్యమే కావాలి.

ఆ పోషకాహార సంస్థ పుట్టుకలో మన తెలుగు తీరం కథ ఒకటి దాగి ఉంది. నన్ను పుస్తకానికి కట్టిపడేసింది ఇదే. 1918లో కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో, రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె అలిసిపోయే ఆ జబ్బు మన దేశంలో ముఖ్యంగా పాతుకుపోయింది మాకు ఎగువనున్న సర్కారు జిల్లాల్లో. వరి అందరూ తింటారు కదా, అక్కడే ఎందుకు? దక్షిణాదిలో చాలాచోట్ల ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి దంచేవారు. అలా ఉడికేటప్పుడు పైపొరలోని బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది, తర్వాత తౌడు పోయినా అది పూర్తిగా పోదు. మన కోస్తా వాళ్ళకు ఉప్పుడు బియ్యం సయించదు. మిల్లు వచ్చి పచ్చి బియ్యాన్ని మల్లెపూవులా తెల్లగా చేసింది. తౌడు గేదెలకు, మిగతాది కడుగు నీళ్ళలోకి, ఆ పైన గంజిలోకి. తెలుపు మీద మోజు జబ్బుగా మారిందన్నమాట. మెకారిసన్ తర్వాత ఎలుకలకు ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టి చూశాడు. రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలున్న సిక్కుల భోజనం తిన్నవి నిగనిగలాడాయి. చివరి వరసలో మిగిలినవి బెంగాలీ, మద్రాసీ భోజనం తిన్నవి. అప్పుడు మేమూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం కాబట్టి ఆ మద్రాసీ ఎలుకల మీద నాకు కొంచెం బంధుప్రీతి. ఆ ఒక్క గది పెరిగి పెద్ద ప్రయోగశాలై 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ సంస్థ అయింది.

ఇదంతా చెప్పి, ఒక్కసారి ఉప్పుడు బియ్యం తెద్దామా అన్నాను. "తమిళం వాళ్ళు తినేదా? నేను పోయినాక తెచ్చుకోండి" అంది అత్తమ్మ. కూనూరు నుంచి ఎన్ని పరిశోధనలు వచ్చినా ఆ మాట దగ్గర ఆగాల్సిందే. చివరకు గంజి వార్చకుండా సరిపడా నీళ్ళు పోసి వండటానికి మాత్రం రాజీ కుదిరింది, అది కూడా కుక్కరు పుణ్యం.

మా జిల్లా పేరు పోషకాహార చరిత్రలో నేరుగా కనిపించే చోటు ఇంకోటుంది, అది అంత సరదా అయింది కాదు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా మనుషుల్ని చూసే.

ఇక ఉప్పు. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం, ఇస్కపల్లి ఉప్పు మడుల మీది గాలి పీల్చేవాళ్ళం, మనకు అయోడిన్ ప్యాకెట్ ఏంటని నేనూ అనుకునేదాన్నే. సముద్రపు నీళ్ళు ఎండగట్టిన ఉప్పులో అయోడిన్ దాదాపు ఉండదట. అది కావాలంటే చేప తినాలి, లేదా కలిపిన ఉప్పు కొనాలి. తినే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి అనే నిబంధనను 2006లో ప్రభుత్వం అమల్లోకి తెచ్చింది అందుకే. అయితే ప్యాకెట్ ఉప్పయినా రోజుకు అయిదు గ్రాములు దాటకూడదు. ఉప్పు చేప, ఆవకాయ ఒకే కంచంలో చేరిన రోజు ఈ హద్దు ఎక్కడుందో వెతుక్కోవాలి.

చేపల దగ్గర మాత్రం పుస్తకం మా వైపే మాట్లాడింది. హైదరాబాదు సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలు పరీక్షించి ఇచ్చారు, సముద్రపు చేపలకు అందులో పెద్ద భాగమే దక్కింది. నెత్తళ్ళు ముల్లుతో సహా నమిలేస్తాం కనుక కాల్షియం దొరుకుతుంది. అన్నంలోనూ ఆకుకూరలోనూ ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పక్కన చేప ముక్క ఉంటే పట్టడం పెరుగుతుంది, నిమ్మకాయ పిండినా పెరుగుతుంది. టీ తాగితే తగ్గుతుంది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు అందరూ తిన్నాక అడుగున మిగిలిన పులుసుతో రెండు ముద్దలు తిని, వెంటనే టీ పెట్టుకుంటారు. చేప ముక్కలు అప్పటికి ఇతర కంచాల్లో ముళ్ళయి ఉంటాయి. రోజుకు మగవాళ్ళకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకు 29 కావాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ అంకె చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. అడుగు పులుసు గుర్తొచ్చింది.

ఒక కుటుంబానికి ఒక రోజు భోజనం రాయమని అసైన్‌మెంటు. నేను మా ఇంటినే రాశాను. పాత రిజిస్టరు వెనక పేజీల్లో గడులు గీసి, ఎవరు ఏ పూట ఎంత అని నింపాను. మా ఆయన చూసి, అలవాటుగా వేలితో వరస వెంట జరుపుకుంటూ పోయి, అత్తమ్మ గడి దగ్గర ఆగాడు. "అమా, నువ్వు రాత్రిపూట ఏం తినడంలా?" ఆమె ఇబ్బంది పడింది. "పుస్తకానికెందుకురా నేను తినేది" అని పమిట సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన ఒకటి రెండుసార్లు ఆమెను ముందుగా కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. అరవై ఏళ్ళ అలవాటును ఒక గడి కదిలించలేదని నాకూ తెలుసు. ఆమె గుడ్డు మాత్రం ఇప్పుడు ముందే తీసి పక్కన పెడుతున్నాను.

మూడో పుస్తకం ఆహారపు ఆర్థికం మీద. ఇంకా మొదట్లోనే ఉన్నాను. వంద గ్రాముల ప్రోటీన్ ఏ పదార్థంలో ఎంత చవగ్గా దొరుకుతుందని లెక్క వేయడం అందులో ఒక అభ్యాసం. వంజరంలోనూ కవళ్ళలోనూ ప్రోటీన్ ఇంచుమించు సమానమే, ధరలో మాత్రం పొంతన లేదు. పైగా గుండెకు మంచిదనే కొవ్వు కవళ్ళలోనే ఎక్కువ. ఇలాంటి చవక చేపలే ఎండి, పొడై, రొయ్యల మేతలో కలుస్తాయి. ఆ మేత తిన్న రొయ్యలు అమెరికాకో చైనాకో పోతాయి. వచ్చిన డబ్బుతో మేము పెళ్ళిళ్ళలో వంజరం వేపుడు పెడతాం. ఈ చక్రంలో చవక చేపను కంచంలోకి నేరుగా తెచ్చుకున్నవాడే లాభపడ్డాడని నా లెక్క చెబుతోంది. మా ఆయన ఒప్పుకోడు, ఆయన గుంటలు ఆయనవి.

మైపాడులో చేపలమ్మే ఆమెకు ఇదంతా వివరిస్తూ రెండింటి ధరలూ కాగితం మీద రాసుకుంటున్నాను. ఆమె కత్తిపీట ముందుకు లాక్కుంది.

"అక్కా, రేటు నేను చెప్తా, ఆ ప్రోటీన్ ఏందో నువ్వు లెక్కేసుకో. కిలోనా, రెండు కిలోలా?"