చెత్తకు జాగా, దస్తర్‌ఖాన్ మీద మష్వరా

మొన్న జుమ్మా రోజు ఖానా అయ్యాక, దస్తర్‌ఖాన్ ఎత్తకముందే మా బేటీ కాగితాలు పరిచింది. ఇంజినీరింగ్ చివరి ఏడు. ఊరి చెత్త పారబోసే జాగా ఎలా ఎంచాలన్నది దాని ప్రాజెక్టు.

ఖానూన్ ముందే హద్దులు గీసింది. 2016 నాటి నిబంధనలు నదికి 100 మీటర్లు, చెరువుకీ ఇళ్లకీ తాగునీటి బావులకీ 200 మీటర్ల దూరం ఉండాలన్నాయి. ఆ జల్లెడ దాటిన జాగాల్లో ఏది మేలో తేల్చడానికి థామస్ సాటీ చెప్పిన తరీఖా ఉంది. రెండేసి విషయాలు ఎదురెదురుగా పెట్టి అడుగుతారు. సమానమైతే 1, ఒకటి మరీ ముఖ్యమైతే 9.

"నీళ్లా, జమీన్ ఖరీదా?"

"నీళ్లే. బావి చెడితే జమీన్ ఏం చేసుకుంటార్రా?" అంది అమ్మీజాన్. 9. మా బేగం కూడా 9. నేను మాత్రం ఖరీదుకే 3 ఇచ్చాను. అంటే నీళ్లకి మూడో వంతు.

బేటీ ముగ్గురివీ గుణించింది. 27. దాని ఘనమూలం 3. నీళ్లు ఖరీదుకి మూడింతలు ముఖ్యమని ఇంటి ఫైసలా. నా మాట పోలేదు, అలాగని నెగ్గనూ లేదు.

నాకు పాత కమిటీ యాదికొచ్చింది. కొన్నేళ్ల క్రితం ఊరి చెత్తకు జాగా చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. కూలీల బస్తీ పక్కన బంజరు. "ముఫ్త్ జమీన్ కదా" అన్నది నేనే. పది నిమిషాల్లో చేతులెత్తేశాం. 200 మీటర్లు ఎవరం కొలవలేదు. బస్తీవాళ్లనెవరినీ పిలవలేదు. ఇప్పుడు ఎండాకాలం చెత్త అంటుకుంటే పొగంతా వాళ్ల ఇళ్లల్లోకే.

"ఈ లెక్కలో వాళ్ల ఖానా ఎక్కడ బేటా?" అడిగాను.

"లెక్క అది చెప్పదు అబ్బా. ఎవర్ని కూర్చోబెట్టాలో మనమే చూసుకోవాలి."

ఆదివారం ఇద్దరం ఆ బస్తీకి వెళ్లాం. బోరింగు దగ్గర బిందె నింపుతున్న ఒకావిడ కాగితమంతా చదివించుకుని విని, "ఇందులో గాలి లేదేంది సాబ్? ఎటు వీస్తదో అడగరా?" అంది.

బేటీ అక్కడే నిలబడి కొత్త గడి గీసింది. నేను తలెత్తలేకపోయాను.