వేగమూ, వేడిమీ

వేగమును కీర్తించినవారు లోకములో అనేకులు కలరు. దానికి తోడబుట్టువైన వేడిమిని గూర్చి తలపోసినవారు మాత్రము అరుదు. పరుగెత్తు కారును చూచినప్పుడు మన కన్ను దాని వేగము మీదనే నిలుచును. కాని ఇంజనులో మండు పెట్రోలు మొదలుకొని నేలను రాచికొనిపోవు టైరు వరకు, నొక్కిన ప్రతిసారి సెగలు గ్రక్కు బ్రేకు డిస్కు మొదలుకొని స్టీరింగు పట్టినవాని అరచేతి చెమట వరకు, ఆ పరుగులో కాలునది, కాగునది, వెంటనే చల్లార్పవలసినది ఎంతో కలదు. స్పోర్ట్స్ కారు నొకదానిని సొంతము చేసికొని, నా చేతులతోనే దానిని బాగుచేసికొనుచు, దాని పూర్తి వేగమును రేసు ట్రాకు మీద మాత్రమే అనుభవించు అభిరుచి కలవాడను గనుక, ఈ వేడిమితో నాకు చిరపరిచయము ఏర్పడినది. ఆ పరిచయము వలన నాలో దృఢపడిన అభిప్రాయ మొక్కటి: వేగమును కోరువాడు చేయవలసిన పని యంతయు, ఆ వేగము పుట్టించు వేడిమి బయటికి పోవుటకు దారి చూపుటలోనే ఇమిడియున్నది.

నాకు గల కారు మాజ్దా వారి మియాటా, తొలితరమునకు చెందినది. 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనలో దానిని మొదటిసారి లోకమునకు చూపిరి. తొషిహికో హిరాయి అను ఇంజనీరు నాయకత్వమున జపానులో రూపొందిన ఈ కారునకు ప్రేరణ, ఇంగ్లండులో లోటస్ వారు 1962లో తెచ్చిన ఎలాన్. ఇద్దరికి మాత్రమే చోటు, పైన గుడ్డ టాపు, ముందు 1.6 లీటర్ల ఇంజను, వెనుక చక్రములకు చోదకశక్తి. నాలుగు చక్రములకును డబుల్ విష్‌బోన్ సస్పెన్షను. బరువు టన్నునకు లోపు. అమెరికాలో అమ్మిన తొలి కారుల శక్తి 116 అశ్వశక్తి. నేడు సంసారులు బడికి, బజారుకు నడుపుకొను కారులలో పెక్కింటికి ఇంతకన్న ఎక్కువ శక్తి కలదు. అయినను 2016 నాటికి ఈ వంశపు కారులు పది లక్షలు తయారైనవనగా, దాని ఆకర్షణ అశ్వశక్తిలో లేదని స్పష్టమే. తేలికయైన కారునకు ఆపవలసిన బరువు తక్కువ. బరువు తక్కువైనచో బ్రేకునకు, టైరునకు, జేబునకు గూడ తాపము తక్కువ. నేర్చుకొనదలచినవానికి ఇంతకంటె దయగల గురువును నేను చూడలేదు.

కాలిఫోర్నియాలో బే ఏరియాయందు స్థిరపడిన నాకు దగ్గరలో ఉన్న ట్రాకులలో ప్రసిద్ధమైనది మాంటెరీ సమీపమున కొండల నడుమ నున్న లగూనా సేకా. దాని పుట్టుక వెనుక ఒక మరణము కలదు. 1956లో పెబుల్ బీచ్ నందలి చెట్లనడిమి రోడ్లపై జరిగిన పందెములో ఎర్నీ మెకాఫీ అను చోదకుడు చెట్టును ఢీకొని అసువులు బాసెను. ఇటువంటి దారులలో పందెములు ఇక తగవని తెలిసికొని, అక్కడివారు వేగమునకు ప్రత్యేకముగా ఒక స్థలమును సిద్ధపరచిరి. 1957 నవంబరులో ఈ ట్రాకుపై మొదటి పందెము జరిగెను. సుమారు 3.6 కిలోమీటర్ల ఈ చుట్టులో జగద్విఖ్యాతమైన మలుపు కార్క్‌స్క్రూ. మిట్ట నెక్కి పైకి వచ్చునప్పటికి ఎదుట ఆకాశము తప్ప దారి కానరాదు. బ్రేకు నొక్కి, ఎడమకు తిప్పినంతనే నేల కారుక్రింద నుండి జారిపోవుచున్నదా యనునట్లు 137 మీటర్ల దూరములో 18 మీటర్ల పల్లము లోనికి దారి కుడివైపునకు దిగిపోవును.

అచ్చటికి నేను పోవునది ట్రాక్ డేలకు. ట్రాక్ డే అనగా సొంత కారును ట్రాకుపై నడుపు దినమే గాని పందెము కాదు. బహుమతులు లేవు, జయాపజయములు లేవు. ఇరువది నిమిషములకు అటునిటుగా ఒక్కొక్క విడత. అనుభవమును బట్టి చోదకులను జట్లుగా విభజింతురు. క్రొత్తవారి ప్రక్కన శిక్షకుడు కూర్చుండును. ముందు పోవువాడు చేయి చాచి చూపిన వైపుననే, చూపిన తరువాతనే, వెనుకవాడు దాటవలెను. ఆ చేయి చాచుటలో ఎంత సంస్కారమున్నదో అనుభవించినవానికి గాని తెలియదు. నీవు నాకంటె వేగముగా పోవుచున్నావు, పొమ్మని అహంకారము విడిచి దారి యిచ్చుట, మన రోడ్లమీద కోటీశ్వరుడు గూడ చేయలేని దానము.

ఇక బ్రేకుల సంగతి. లగూనా సేకాలో ఆరంభరేఖ దాటి, చిన్న మిట్ట దిగిన పిమ్మట, రెండవ మలుపు ముందర నా కారు వంటిది గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగము నుండి అందులో సగమునకు దిగవలెను. వేగము సగమైనచో గమనశక్తిలో మూడు వంతులు పోయి ఒక వంతు మాత్రమే మిగులునని భౌతికశాస్త్రము చెప్పును. ఆ పోయిన మూడు వంతులును ఎచ్చటికి పోయినవి? కారు, చోదకుడు కలిసి వెయ్యి కిలోలకు కొంచెము పైబడిన బరువైనచో, రెండు లీటర్ల చన్నీళ్ళను సలసల కాగించుటకు చాలినంత వేడిమి, మూడు సెకండ్ల కాలములో, నాలుగు ఇనుప డిస్కులలోనికి దిగిపోయినది. ఇది ఒక్క మలుపునకు. చుట్టులో అట్టి మలుపులు మరికొన్ని కలవు. విడతలో చుట్టులు అనేకములు కలవు.

ఆ వేడిమి డిస్కు నుండి ప్యాడునకు, ప్యాడు నుండి క్యాలిపరు పిస్టనునకు, పిస్టను నుండి బ్రేకు ఆయిలునకు ప్రాకును. బ్రేకు ఆయిలు స్వభావము విచిత్రమైనది: వానకాలములో జాడీలోని ఉప్పు చెమర్చునట్లు, అది గాలిలోని తేమను మెల్లమెల్లగా తనలోనికి పీల్చుకొనును. డాట్ 4 తరగతి ఆయిలు క్రొత్తదైనప్పుడు కనీసము 230 సెల్సియస్ డిగ్రీల వరకు మరుగరాదని నియమము. తేమ పట్టిన పిమ్మట ఆ నియమము 155 డిగ్రీలకు దిగిపోవును. మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము అణగదు గనుకనే పాదము నొక్కిన బలము చక్రమునకు చేరుచున్నది; ఆవిరి అణగును గనుక, పెడలు మెత్తబడి నేలను తాకును, చక్రము మాత్రము తిరుగుచునే యుండును. నిత్యము ఆఫీసునకు పోయివచ్చు కారులో రెండేండ్లు గడిచినను బాధ కలుగని ఆయిలును ట్రాకునకు పోవువాడు తరచుగా మార్చుటకు కారణమిదే.

ఆ మార్చుట చూడదగిన పని. మా గ్యారేజీలో కారును జాకీతో ఎత్తి, స్టాండ్లపై నిలిపి, చక్రములు విప్పి, మా బావమరిదిని సీటులో కూర్చుండబెట్టి, నేను వెనుక చక్రము ప్రక్కన చాపపై పడుకొందును. క్యాలిపరు వెనుకనున్న చిన్న నిపులునకు పారదర్శకమైన గొట్టము తగిలించి, దాని రెండవ కొనను సీసాలో ముంచి, చేతిలో స్పానరు పట్టుకొని, "తొక్కు" అందును. "తొక్కా బావా" అని లోపలినుండి సమాధానము. "పట్టుకో, వదలకు." నిపులును పావు చుట్టు వదులు చేసినంతనే ముదురు గోధుమవన్నె ఆయిలు గొట్టములోనికి జరజర వచ్చును, నడుమ ఒకటి రెండు గాలిబుడగలు మెరయును. నిపులు బిగించి, "ఇప్పుడు వదులు" అందును. అతడు తొందరపడి ముందుగానే పాదమెత్తినచో గాలి వెనుకకు పోవును, పని మొదటికి వచ్చును. కావున ఈ మూడు మాటలు తప్ప మా యిద్దరి నడుమ ఆ సమయమున వేరు సంభాషణ ఉండదు. దూరపు చక్రము మొదలుకొని దగ్గరి చక్రము వరకు, గొట్టములో లేత వన్నె గల క్రొత్త ఆయిలు బుడగ లేకుండ నిండుగా కనబడునంతవరకు, నడుమ నడుమ పైనున్న ఆయిలు డబ్బా అడుగంటకుండ నింపుచు, ఈ తంతు సాగును. కారులో ప్రాణము ఎచ్చట నున్నదో ఆ సన్నని గొట్టములో కంటికి కనబడును.

ఇంజను వేడిమి కథ వేరు. ఈ కారు ఇంజను వంశము మాజ్దా 323 అను, ముందు చక్రములకు చోదకశక్తి గల కారునకు చెందినది. అందు ఇంజను అడ్డముగా కూర్చుండును, చల్లబరచు నీరు ఒక చివర ప్రవేశించి, సిలిండర్లన్నిటిని తడిపి, రెండవ చివరనుండి బయటపడును. మియాటాలో ఇంజనును నిలువుగా త్రిప్పినప్పుడు వెనుక గోడ అడ్డము వచ్చుటచే, నీరు బయటకు పోవు ద్వారమును, థర్మోస్టాట్‌ను ముందునకు తెచ్చిరి. అందువలన ముందు చొచ్చిన నీటిలో చాల భాగము ముందునుండియే వెడలిపోవును. వెనుకనున్న నాలుగవ సిలిండరునకు చేరునది తక్కువ. రోడ్డుమీద ఇది లోపముగా తోచదు. ఎండకాలమున ట్రాకుపై విడత పొడుగునను ఇంజను గరిష్ఠ వేగమున తిరుగునప్పుడు మాత్రము నాలుగవ సిలిండరు మిగిలినవానికంటె అధికముగా తపించును. దీనికి విరుగుడుగా, థర్మోస్టాట్‌ను మరల వెనుకకు జరిపి, అచ్చటినుండి రేడియేటరునకు పొడవైన గొట్టము నడుపు పద్ధతిని ఈ కారు ప్రేమికులు కనుగొనిరి. నీటిని అది నడవదలచిన దారినే నడిపించు ఈ మార్పు, బయటివారి కంటికి కానరాదు, అశ్వశక్తిని రవ్వంతయు పెంచదు. అయినను మార్పులలో దీనినే నేను మిక్కిలి గౌరవింతును.

టైరునకు మాత్రము వేడిమి శత్రువు కాదు, మిత్రమే, మితములో నున్నంతవరకు. చల్లని రబ్బరు నేలను పట్టదు. తగినంత వేడెక్కిన పిమ్మటనే అది తారును అంటిపట్టుకొనును. మితము మీరినచో మెత్తబడి జారును. వేడితో లోపలి గాలి పీడనము, ప్రతి 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పౌనుల చొప్పున, పెరుగును. కావున ఉదయమున చల్లని టైరులో గాలి తగ్గించి పెట్టి, విడత ముగిసిన వెంటనే వేడి పీడనము చూచి సరిదిద్దవలెను. టైరు ముఖమున లోపలి అంచు, నడుమ, వెలుపలి అంచు, ఈ మూడు చోట్ల ఉష్ణోగ్రత కొలిచినచో చక్రము నేలపై ఎట్లు నిలుచుచున్నదో తెలియును. వెలుపలి అంచే కాలుచున్నదనగా, మలుపులో కారు ఒరిగినప్పుడు భారమంతయు ఆ అంచే మోయుచున్నదని అర్థము. అప్పుడు విష్‌బోను బాహువుల మొదళ్ళయందలి బోల్టులను కొంచెము త్రిప్పి, చక్రముల పైభాగమును లోపలికి రెండు మూడు డిగ్రీలు వంచినచో, ఆ ఒరుగుటలో టైరు నేలపై సమముగా పరచుకొనును.

మార్పులు చేయించు ఉత్సాహము గలవారు తరచుగా ఇంజను నుండియే ఆరంభింతురు. టర్బో పెట్టి 116ను 200 చేయవచ్చునని ఆశపడుట సహజమే. కాని పెట్రోలులోని శక్తిలో మూడవ వంతు కన్న మించి చక్రములకు చేరదు, తక్కినదంతయు వేడిమియే. శక్తిని పెంచినవాడు రేడియేటరును పెంచవలెను, ఆయిలు చల్లబరచు సాధనమును చేర్చవలెను. పెరిగిన వేగమును ఆపుటకు పెద్ద బ్రేకులు, వానికి పెద్ద చక్రములు, ఆ చక్రములకు వెడల్పు టైర్లు కావలెను. అన్నియు చేరినపిమ్మట, తేలికదనముకై కొన్న కారు బరువెక్కి కూర్చుండును. కావున మంచి ప్యాడులు, క్రొత్త ఆయిలు, మంచి టైర్లు, అలైన్‌మెంటు, దృఢమైన షాక్ అబ్సార్బర్లు, గట్టి టాపు లేని కారు గనుక తలపైన ఉక్కు రోల్ బారు, మంటను సహించునట్లు స్నెల్ సంస్థ ఎస్ఏ ముద్ర వేసిన హెల్మెటు, ఇవి సమకూరిన పిమ్మట, శేషించిన సొమ్ము శిక్షకునికి, పెట్రోలునకు వెచ్చించుట ఉత్తమము. మలుపులో ఎచ్చట బ్రేకు వదలవలెనో తెలిసిన చోదకుడు, తెలియనివాని 200 అశ్వశక్తిని చిన్న కారుతో దాటుట నిత్యము చూచుచున్నదే.

ట్రాకు చేరిన పిమ్మట గూడ వేడిమి పట్ల మర్యాద పాటింపవలెను. టార్క్ రెంచితో చక్రపు నట్లన్నియు సరిచూచుట, వదులు వస్తువులన్నిటిని కారునుండి దించుట, పరీక్షకులు పెడలు తొక్కి చూచుట మొదలగునవి ఉదయపు విధులు. పసుపు జెండా కనబడినచో నెమ్మదింపవలెను. ఎర్ర జెండా కనబడినచో అదుపు తప్పకుండ ఆగవలెను. విడత ముగిసినప్పుడు చివరి చుట్టును బ్రేకు తాకీతాకకుండ మెల్లగా నడిపి, ఇంజనునకు, బ్రేకులకు గాలి తగులనీయవలెను. నిలిపిన తరువాత హ్యాండు బ్రేకు వేయరాదు. వేసినచో కాలిన ప్యాడులు కాలిన డిస్కును ఒకచోటనే కరచిపట్టి, దాని ముఖమును చెరచును. గేరులో నుంచి, చక్రమునకు అడ్డు పెట్టి, బానెటు తెరచి విడువవలెను. అప్పుడు చోదకుడు తానును నీరు త్రాగి, నీడను కూర్చుండి, తనలోని ఉద్రేకము చల్లారిన పిమ్మటనే మరుసటి విడతను తలపెట్టవలెను. ఉద్రేకముతో పోవువాడు బ్రేకు నొక్కవలసిన చోటు దాటిన తరువాత నొక్కును.

ఇక మన దేశపు సంగతి. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుపై అర్ధరాత్రి వేళ కారుల పరుగులను గూర్చి, అందు ఆరిపోయిన యువకుల ప్రాణములను గూర్చి పత్రికలలో చదివినప్పుడెల్ల నాకు పెబుల్ బీచ్ చెట్టు స్ఫురించును. ఆ పిల్లల కోరిక దుష్టమైనది కాదు. దానికి మనము చోటు చూపలేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కారుల పందెము జరిగినను, ఆ దారి పందెము కొరకు తాత్కాలికముగా కట్టినదే గాని మన పిల్లలకు మిగులలేదు. తెలుగువారికి దగ్గరలో నున్న ట్రాకులలో ఒకటి చెన్నపట్నము ప్రక్కన ఇరుంగాట్టుకోట్టైలో, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారిది. సుమారు 3.7 కిలోమీటర్ల ఆ చుట్టు 1990 నుండి నడుచుచున్నది. మన రెండు తెలుగు రాష్ట్రములలోను అటువంటి స్థలము ఒక్కొక్కటియైనను ఏర్పడవలెనని, వైద్యుడును శిక్షకుడును జెండా పట్టువాడును కాచియుండు చోట మన యువకులు వేగమును చవిచూడవలెనని నా కోరిక. అంతవరకు, కారు కొనియిచ్చు తలిదండ్రులు తాళములతోపాటు కుమారునికి ఒక స్పానరును గూడ ఇచ్చి, బ్రేకు ఆయిలు మార్చుట నేర్పించినచో మేలు. వెయ్యి కిలోల ఇనుమును ఆపుటకు ఎంత వేడిమిని భరింపవలెనో తన చేతులతో తెలిసికొన్నవాడు, ఆ ఇనుమును అన్యుల నడుమకు తోలుటకు వెనుదీయును.