గాజుతొట్టెలోని సముద్రము

సముద్రమును ఇంటిలోనికి తెచ్చుకొనవలెనను కోరిక క్రొత్తది కాదు. 1846లో ఆనా థిన్ అను బ్రిటిష్ మహిళ టార్కీ తీరమున పగడపు జీవులను కొన్నింటిని సేకరించి, జాడీలో ఉప్పునీటితో లండనునకు తెచ్చి పెంచినది. ఆ నీటికి గాలి సోకుటకై పరిచారిక ప్రతిదినము తెరచిన కిటికీ కడ నిలిచి, దానిని ఒక పాత్రనుండి మరియొక పాత్రకు పోయుచుండెడిది. కొలది ప్రాణులు బ్రతుకుటకే ఒక మనిషి చేతులు అంతగా శ్రమింపవలసి వచ్చినది. ఈ విద్యకు అదియే మొదటి పాఠము.

నేటి గృహస్థునకు ఆ శ్రమ లేదు. విద్యుత్తుతో నడచు పంపు ఆ పని చేయును. కావుననే పాఠము మరపున పడినది. 75 లీటర్ల తొట్టెలో రెండు చిన్న చేపలు ఈదుచుండగా, మిగిలిన జాగా వృథాగా పోవుచున్నట్లు అతనికి తోచును. కాని కంటికి ఖాళీగా కనబడునది నిజమునకు ఖాళీ కాదు. చేపల మొప్పలనుండి వెలువడు అమోనియా, మిగిలిన మేత కుళ్లగా పుట్టు అమోనియా ఆ నీటిలోనే కలియును. రాళ్లను, ఇసుకను ఆశ్రయించిన సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. అవి స్థిరపడుటకు సాధారణముగా 4 నుండి 6 వారములు పట్టును. క్రొత్త చేప వచ్చినప్పుడెల్ల అవియు తగినట్లు వృద్ధిపొందవలెను. ఆ వ్యవధి ఈయక ఒకేనాడు అయిదారు చేపలను విడిచినచో విషమే గెలుచును. సముద్రజలమునకు క్షారగుణము ఉండుటచే అమోనియా అందు మరింత తీవ్రము. పైగా ఉప్పునీటిలో ఇముడు ప్రాణవాయువు మంచినీటిలోకన్న తక్కువ. నీరు వేడెక్కినకొలది అదియు తరుగును. ఒక రాత్రి విద్యుత్తు పోయి పంపు ఆగినచో, క్రిక్కిరిసిన తొట్టెలో తెల్లవారుసరికి ప్రాణములు మిగులుట కష్టము.

ఎంచుకొనుటలోను వివేకము కావలెను. అంగడిలో బొటనవ్రేలంత కనబడు నీలి టాంగ్ చేప 30 సెంటీమీటర్ల వరకు పెరుగును. పగడపు దిబ్బల వెంట విశాలముగా తిరుగుట దాని స్వభావము. డాంసెల్ చేప చిన్నదే అయినను తన మూలను మరియొకదానికి ఈయదు. క్లౌన్ చేపల జంట మాత్రము సముద్రమునందును తన ఆశ్రయమును విడిచి దూరము పోదు. చిన్న తొట్టెకు అట్టి జంట చాలును.

1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన ‘అక్వేరియం’ అను గ్రంథము ఇంగ్లండులో ఈ వేడుకను ఇంటింటికి వ్యాపింపజేసినది. సేకరించువారి తాకిడికి తీరపు మడుగుల అందము నశించినదని ఆయన కుమారుడే 1907లో బాధతో వ్రాసెను. నేటికిని ఇండ్లలో పెంచు సముద్రపు చేపల జాతులలో అధికభాగము దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. ఇరుకున చచ్చిన చేపకు బదులుగా మరియొకటి కొన్నప్పుడెల్ల, ఎక్కడనో ఒక దిబ్బపై ఒక ప్రాణి తగ్గును. తొట్టెలో జాగా విడిచిపెట్టినవాడు తన చేపలకే కాక, తాను ఎన్నడును చూడని ఆ దిబ్బకును మేలు చేసినవాడగును.